జట్టు వెళ్లిపోయింది, మీరు ఉండండి

డెక్కన్ లీజియన్ అభిమాన సంఘం సభ్యులకూ, హైదరాబాద్ ఎఫ్‌సీని మనసారా తమదనుకున్న అభిమానులందరికీ



2025 అక్టోబర్‌లో మన క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2019లో పుట్టి, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన జట్టు ఆరేళ్లకే మన ఊరి పేరు వదిలేసింది. గ్యాలరీలో డప్పులు కొట్టి, గొంతులు పోయేలా అరిచి, ఓడిన రాత్రి నిద్రపట్టక మాట్లాడుకుంటూ కూర్చున్నది మీరు. ఆ వార్త మీకెంత కష్టంగా ఉండి ఉంటుందో చెప్పడానికి నా దగ్గర పెద్ద మాటలు లేవు. ఐఎస్‌ఎల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఉన్నది ఆ ఒక్క జట్టే.

ఇప్పుడు మీ ముందు మూడు దారులు కనిపిస్తాయి. ఆటగాళ్లు మనకు తెలిసినవాళ్లే కదా అని ఢిల్లీ జట్టునే అంటిపెట్టుకోవడం ఒకటి. ఏ యూరప్ క్లబ్బునో ఎంచుకుని టీవీ ముందు కూర్చోవడం రెండోది. ఇక ఫుట్‌బాల్‌కే ఒక దణ్ణం పెట్టి ఇంటికి పోవడం మూడోది. ఈ మూడూ కాకుండా నాలుగో దారి ఒకటుందని చెప్పడానికే ఈ ఉత్తరం. మీ సంఘాన్ని రద్దు చేసుకోకండి. జట్టు లేకపోయినా అభిమానులు ఒక్కచోట ఉండాలి. ఎందుకుండాలో, ఉండి ఏం చెయ్యాలో నాకు తోచినంత రాస్తాను. ఓపిగ్గా చదవండి.

గోదావరి గట్టున పట్టిసీమలో ఉన్న మనిషికి గచ్చిబౌలి గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించొచ్చు. గచ్చిబౌలిలో మీరు కూర్చున్న స్టేడియానికి పెట్టిన పేరు మా కోనసీమ బిడ్డది. గంటి మోహనచంద్ర బాలయోగి ఎదుర్లంకలో పుట్టి, అమలాపురం నుంచి పార్లమెంటుకు వెళ్లి, 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడాయన. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి కన్నుమూశారు. రాష్ట్రం రెండయ్యాక కూడా ఆ స్టేడియం మీద ఆయన పేరు చెక్కుచెదరలేదు. కాబట్టి ఆ గుమ్మం మాకు పరాయిది కాదు.

రెండో కారణం మా పిల్లలు. నేను బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా వైపు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ తర్వాతే ఫుట్‌బాల్. ఎండాకాలం గోదావరి సన్నబడి, వీరభద్రస్వామి కొండ చుట్టూ ఇసుక తిన్నెలు తేలాక, సాయంత్రాలు కొందరు పిల్లలు అక్కడ చేరి బంతి తన్నుతారు. మీ జట్టేదిరా అంటే బార్సిలోనా అనో మాంచెస్టర్ అనో చెప్పేవారు. 2022 మార్చిలో మొదటిసారి హైదరాబాద్ అన్నారు. బాబాయో మేనమామో ఉద్యోగం చేస్తున్న ఊరు అది. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు. అలాంటి ఊరి జట్టు దేశంలో గెలిచిందని చెప్పుకోవడం బంతి తన్నే పిల్లవాడికి ఎంత బలమో నా కళ్లతో చూశాను.

ఆ ఫైనల్ మీకు గుర్తుచెయ్యాలా? 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్దా మైదానం. ఎదుట కేరళ బ్లాస్టర్స్. కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తంగా గోవాలోనే, ఖాళీ కుర్చీల మధ్యనే ఆడారు. ఆ ఫైనల్‌కు ప్రేక్షకుల్ని రానిస్తే గ్యాలరీలన్నీ పసుపుమయమైపోయాయి. ఆ పసుపు మనది కాదు, వేలాదిగా తరలివచ్చిన కేరళ అభిమానులది. లీగ్ పట్టికలో పైన ఉన్నందుకు పసుపు చొక్కా మనవాళ్లకు దక్కింది, కేరళ ఆటగాళ్లు నల్ల చొక్కాల్లో దిగారు. రాహుల్ కేపీ కొట్టిన గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన దెబ్బకు స్కోరు సమమైంది. ఆ తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హాలిచరణ్ నర్జారీ ఆఖరిది వేశాడు. 3-1తో కప్పు మనది.

మర్నాటి నుంచి మా ఇసుక తిన్నె మీద ఒకటే వాదన. కప్పు తెచ్చింది కట్టిమణి అని ఒకడు. తవోరా సమం చెయ్యకపోతే షూటౌట్ ఎక్కడిదిరా అని ఇంకొకడు. సీజన్ అంతా 18 గోల్స్ కొట్టి ఫైనల్‌దాకా మోసుకొచ్చిన ఒగ్బెచేని మర్చిపోయారేమిట్రా అని మూడోవాడు. వీళ్లందర్నీ దగ్గర కూర్చోబెట్టుకుని నేను ఒక్క మాట అడిగాను: ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా, కుడి పక్క ఆశిష్ రాయ్ పైకి ఎప్పుడు పరిగెత్తారో, వెనక్కి ఎప్పుడు వచ్చారో ఎవరైనా చూశార్రా? ఎవరూ చూడలేదు. మళ్లీ వీడియో పెట్టించుకుని చూశారు. ఈసారి వాదన మారింది. బంతి లేని చోట ఏం జరుగుతోందో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అభిమానుల వాదన మీద నాకున్న గౌరవం ఇలాంటి చోటే పుట్టింది. ఆట గురించి గట్టిగా వాదించుకునేవాళ్లకే ఆట బాగా కనిపిస్తుంది. తొలి సీజన్‌లో కోల్‌కతా వెళ్లి ఏటీకే చేతిలో 5-0తో ఓడి, 18 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున నిలిచిన జట్టు, ఆ మరుసటి ఏడాదే అయిదో స్థానానికి ఎలా ఎగబాకింది? కోచ్ మనోలో మార్క్వెజ్ పేరున్న విదేశీయుల మీద ఆధారపడకుండా ఇరవై ఏళ్ల కుర్రాళ్లను నమ్మాడు. లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్ లాంటివాళ్లను తప్పులు చేసినా పక్కన పెట్టకుండా ఆడించాడు. ఓడిన ప్రతి రాత్రీ కోచ్‌ని తీసెయ్యమని కేకలు పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మీ వాదనల్లో పంతం ఉండనివ్వండి. చూడని మ్యాచ్ గురించి మాత్రం తీర్పు చెప్పకండి. ఒక ఆటగాణ్ణి విమర్శించేటప్పుడు ఆ రోజు ఆయన ఏం చెయ్యాల్సి ఉండి ఏం చెయ్యలేకపోయాడో చెప్పండి. ఆయన ఇంటివాళ్ల జోలికి, ఆయన ఊరి జోలికి వెళ్లకండి.

తర్వాతి రోజుల సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడుకుందాం. 2022-23లో 42 పాయింట్లతో రెండో స్థానం. ఆ మరుసటి ఏడాది జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం, ఒకరి తర్వాత ఒకరు క్లబ్బు వదిలిపోవడం. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ అట్టడుగు. 2024లో యాజమాన్యం చేతులు మారినా ఆ సీజన్ కింది నుంచి రెండో స్థానంతోనే ముగిసింది. ఆ తర్వాత ఢిల్లీ.

ఆ కష్టకాలంలో వెళ్లిపోయిన ఆటగాళ్లను ద్రోహులన్న మాట చాలా నోళ్ల నుంచి విన్నాను. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఫుట్‌బాల్ ఆటగాడి సంపాదన కాలం పన్నెండు, పదిహేనేళ్లు. మోకాలు ఒక్కసారి తిరిగితే అదీ ఉండదు. నెలల తరబడి జీతం అందనివాడు ఇంకో చోట పని వెతుక్కుంటే అందులో ద్రోహం ఏముంది? మన ఊళ్లో ఏ మేస్త్రీ అయినా కూలి ఇవ్వని పనికి మర్నాడు వస్తాడా? ఉండిపోయినవాళ్లను మాత్రం మరీ మరీ తలుచుకోవాలి. విదేశీయులంతా సర్దుకుని వెళ్లిపోతుంటే జావో విక్టర్ నిలిచాడు. అలెక్స్ సాజీ, అబ్దుల్ రబీ, మాకన్ చోథే, రామ్‌హ్లున్‌ఛుంగా లాంటి కుర్రాళ్లు వారం వారం తమకన్నా బలమైన జట్ల ముందు నిలబడ్డారు. కప్పు గెలిచిన జట్టుకు చప్పట్లు కొట్టడానికి అభిమాని కానక్కర్లేదు, దారిన పోయేవాడైనా కొడతాడు. ఓడుతున్న జట్టుకు కొట్టేవాడి విలువ వేరు.

చింగ్లెన్‌సానా సింగ్ పేరు ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2023 మే 3న కోళికోడ్‌లో మోహన్ బగాన్ మీద మన క్లబ్బు తరఫున ఆడుతున్నాడాయన. అదే రోజు మణిపూర్‌లో హింస రాజుకుంది. చురాచాంద్‌పూర్‌లో ఆయన ఇల్లు కాలిపోయింది, పిల్లల కోసం కట్టించిన ఫుట్‌బాల్ టర్ఫ్ కూడా మిగల్లేదు. మన చొక్కా వేసుకుని మైదానం దిగిన మనిషికి బయటికి వచ్చేసరికి ఇల్లు లేదు. మన దేశంలో ఈశాన్యం నుంచి వచ్చిన ఆటగాళ్లను గ్యాలరీల్లోనూ రోడ్ల మీదా కళ్లను బట్టి, ముఖాన్ని బట్టి పేర్లు పెట్టి పిలిచేవాళ్లకు కొదవ లేదు. మీ మధ్య ఎవడైనా అలాంటి మాట అంటే, వాడు మీ పక్కన కూర్చోవడానికి తగడని అక్కడికక్కడే చెప్పండి. మణిపూర్, మిజోరం కుర్రాళ్లు లేకుండా మన జట్టే లేదు.

ఇక క్లబ్బు తరలిపోయిన సంగతి. మీ కోపం నాకు అర్థమవుతుంది. ఆ కోపం ఢిల్లీ అభిమానుల మీదికి మళ్లకూడదు. ఒక్కసారి వెనక్కి చూడండి. 2019లో మన క్లబ్బు ఎలా వచ్చింది? పుణె సిటీ మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. మార్సెలిన్హో, ఆదిల్ ఖాన్, నిఖిల్ పూజారి పుణె నుంచే మన దగ్గరికి వచ్చారు. ఆ రోజు పుణెలో మీలాంటి కుర్రాళ్లే రాత్రికి రాత్రి జట్టు లేనివాళ్లయ్యారు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ ఢిల్లీ వదిలి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఈ రోజు మన జట్టు ఎవరి ఊరికి వెళ్లిందో ఆ ఊరివాళ్లు కూడా అంతకు ఆరేళ్ల ముందే ఇదే దెబ్బ తిన్నవాళ్లు. మార్సెలిన్హో అయితే ఢిల్లీకి, పుణెకు, హైదరాబాద్‌కు, మూడు ఊళ్లకూ ఆడాడు. పుణె, ఢిల్లీ, హైదరాబాద్ అభిమానులు ముగ్గురూ ఒకే రకంగా మోసపోయామని బాధపడినవాళ్లే. ఒకర్నొకరు తిట్టుకుంటే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ముగ్గురూ కలిసి అడిగితే ఒక నియమం పుట్టొచ్చు.

ఆ నియమం ఎలా ఉండాలో కూడా చెబుతాను. క్లబ్బు లైసెన్సు యజమానిది కావచ్చు. ఊరి పేరు, చిహ్నం, రంగులు, రికార్డులు ఆ ఊరి అభిమానులవిగా ఉండాలి. క్లబ్బు తరలించాలనుకున్నవారు ముందుగా అభిమానుల మాట బహిరంగంగా వినాలి. ఆ తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య అనుమతి ఇవ్వాలి. తరలింపు తప్పదనుకుంటే ఆ ఊరి పిల్లల జట్లను ఎవరు నడుపుతారో రాసి ఇచ్చి మరీ కదలాలి. జర్మనీలో ఓట్ల హక్కులో సగానికి పైగా క్లబ్బు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. దానివల్ల అక్కడ లీగ్ ఏమీ దివాలా తియ్యలేదు. నిండైన గ్యాలరీలతో నడుస్తోంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ, క్రీడాశాఖకూ ఈ మాట మీరు రాయండి. పుణెవాళ్ల సంతకాలు, ఢిల్లీవాళ్ల సంతకాలు కూడా దాని కింద పెట్టించండి.

అభిమానులు తలుచుకుంటే ఏమవుతుందో లండన్‌లోని వింబుల్డన్ చూపించింది. 2002లో వింబుల్డన్ క్లబ్బును వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు ఆ జట్టు వెంట వెళ్లలేదు. ఆ ఏడాదే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఊరి ఉమ్మడి మైదానంలో ఆసక్తి ఉన్నవాళ్లంతా రండని పిలిచి ఆటగాళ్లను ఎంపిక చేసుకున్నారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఎక్కడో అడుగున ఉన్న లీగ్‌లో మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లలో, 2011కల్లా, ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరారు. 2020 నవంబర్‌లో తమ పాత వీధి ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియం కట్టుకుని మళ్లీ అడుగుపెట్టారు. ఆ క్లబ్బు ఇవాళ్టికీ అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది. అదంతా ఒక ధనికుడు వచ్చి చేసింది కాదు. సంఘం చెదిరిపోకుండా ఉండబట్టే జరిగింది.

మనకు ఆ శక్తి ఉందా అని అడుగుతారా? హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర చూస్తే మనకు కొరత ఎక్కడుందో తెలుస్తుంది. కాచిగూడలో పిల్లలకు పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు కోచ్ అయ్యాడు. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనివే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన హైదరాబాద్‌వాళ్లు. 1956-57, 1957-58ల్లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌ది, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌ది. జకార్తాలో 1962 ఫైనల్ ఆడేటప్పుడు గ్యాలరీ మొత్తం మనవాళ్లకు వ్యతిరేకంగా హోరెత్తింది. ఆ హోరులోనే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి వచ్చారు. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో పోయాడు.

ఇంత గొప్ప ఆట ఎందుకు అడుగంటిపోయింది? మన జట్లు ఎవరివో చూడండి. పోలీసు శాఖది ఒకటి, ఇతర శాఖలవి కొన్ని, చివరికి ఒక కంపెనీది. శాఖకు ఆసక్తి తగ్గినప్పుడు జట్టు చిక్కిపోయింది. కంపెనీకి లెక్క కుదరనప్పుడు జట్టు తరలిపోయింది. కోల్‌కతాలో మోహన్ బగాన్ 1889లో, మహమ్మదన్ స్పోర్టింగ్ 1891లో, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టాయి. యజమానులు మారారు, పెట్టుబడులు వచ్చాయి, పోయాయి. చందా కట్టే సభ్యులు మాత్రం తరం తర్వాత తరం ఉన్నారు. అందుకే ఆ క్లబ్బులు ఆ ఊరు వదలలేదు. మన బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు ఆడటానికి వెళ్లి, బెంగాల్‌లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. మన దగ్గర ఆటగాళ్లకు ఏనాడూ కొరత లేదు. ఆటను తమదనుకుని పట్టుకుని కూర్చునే సభ్యుల కొరత ఉంది. ఆ కొరత తీర్చగలిగింది మీరొక్కరే. అందుకే మిమ్మల్ని చెదిరిపోవద్దంటున్నాను.

చెదిరిపోకుండా ఉండటం ఒక్కటే చాలదు, ఎలా ఉండాలన్నది కూడా అంతే ముఖ్యం. 2025 డిసెంబర్ 13న మెస్సీ మన దేశం వచ్చాడు. పొద్దున కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో వేల రూపాయలు పోసి టిక్కెట్లు కొన్నవాళ్లు ఆయన్ను సరిగా చూడనే లేదు. చుట్టూ పెద్దమనుషులు మూగారు, కాసేపటికే ఆయన వెళ్లిపోయాడు. జనం కుర్చీలు విరగ్గొట్టి విసిరారు, మైదానంలోకి చొరబడ్డారు. నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు, ముఖ్యమంత్రి క్షమాపణ చెప్పారు. అదే సాయంత్రం హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో కార్యక్రమం ప్రశాంతంగా జరిగింది. కోల్‌కతా జనం కోపం న్యాయమైనదే. నమ్మించి మోసగించినవాళ్లను నిలదియ్యాలి, డబ్బు వెనక్కి అడగాలి. కానీ విరిగిన కుర్చీ నిర్వాహకుడిది కాదు. మరుసటి మ్యాచ్‌కు వచ్చే ఏ రిక్షావాడో, ఏ స్కూలు పిల్లో కూర్చోవాల్సిన కుర్చీ అది.

గుంపు అదుపు తప్పితే ఏమవుతుందో కోల్‌కతాకు తెలుసు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో అభిమానులు కొట్టుకుని, తొక్కుకుని 16 మంది ప్రాణాలు పోయాయి. 2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో ఓడిన జట్టు అభిమానులు మైదానంలోకి దిగారు, పోలీసులు బాష్పవాయువు వదిలారు, తప్పించుకోవడానికి పరిగెత్తినవాళ్లు ద్వారాల దగ్గర ఇరుక్కుపోయారు. 135 మంది చనిపోయారు. మాకు గోదావరి వాళ్లకు ఈ బాధ పరాయిది కాదు. 2015 జులై 14, పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట. పుణ్యస్నానానికి వచ్చినవాళ్లు పాతికమందికి పైగా శవాలై వెళ్లారు. వాళ్లలో ఎవరూ గొడవకు వచ్చినవాళ్లు కారు. కాబట్టి జనం నడవడికతో పాటు ఏర్పాట్లు చేసేవాళ్ల బాధ్యత కూడా ఎప్పుడూ అడగాలి. గేట్లు ఎన్ని తెరిచారు, బయటికి దారి ఎటు, మంచినీళ్లున్నాయా, అంబులెన్సు ఎక్కడుంది అని మ్యాచ్‌కు ముందే అడిగే హక్కు అభిమానుల సంఘానికి ఉంది. అడిగే సంఘం లేని చోటే ప్రాణాలు పోతాయి.

తెలుగువాళ్లకు ఇంకో బరువు కూడా ఉంది. మన దగ్గర అభిమాన సంఘం అనగానే సినిమా హీరోలు గుర్తొస్తారు. ఫ్లెక్సీలు చించుకోవడం, కులాలు తవ్వుకోవడం, అవతలి హీరో తల్లిని తిట్టుకోవడం చూస్తూనే ఉన్నాం. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ అలవాట్లేవీ ఫుట్‌బాల్ గ్యాలరీలోకి రానివ్వకండి. నా దగ్గర ఆడుకున్న పిల్లల్లో ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్లను మ్యాచ్‌కు తీసుకెళ్లమంటే తండ్రులు వెనకాడేది బూతులకే. గ్యాలరీలో అమ్మాయిలు ధైర్యంగా, హాయిగా కూర్చోగలిగితే మీ సంఘం మంచిదన్నట్టు. ఎదుటి జట్టును ఆటపట్టించడానికి బూతు అక్కర్లేదు. పాట కట్టండి. దరువు వెయ్యండి. మనకు ఏ ఊళ్లో డప్పుగాళ్లు లేరు?

అభిమానుల మంచితనం కూడా కోల్‌కతాలోనే చూశాం. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో ఒక యువ డాక్టరు అత్యాచారానికి, హత్యకు గురైన ఘోరం తర్వాత డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ రద్దయింది. మ్యాచ్ లేని ఆ సాయంత్రం ఆ రెండు జట్ల అభిమానులూ, మహమ్మదన్ వాళ్లూ సాల్ట్ లేక్ స్టేడియం బయట కలిసి నిలబడి ఆ యువ డాక్టరుకు న్యాయం కావాలని గొంతెత్తారు. ఒకప్పుడు 16 ప్రాణాలు తీసిన వైరం ఆ రోజు ఒక్క గొంతయింది. జెర్సీలు వేర్వేరైనా ఒక ఊరివాళ్లమన్న ఎరుక అభిమాన సంఘం ఇవ్వగలిగిన గొప్ప చదువు.

ఇక మీరు చెయ్యవలసిన పనులు. సంఘాన్ని చట్టబద్ధంగా నమోదు చేయించండి. చందా పెట్టండి, జమాఖర్చులు అందరికీ చూపించండి. డెక్కన్ గడ్డ మీద ఆట ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లండి. శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో వరసగా రెండేళ్లు రెండో స్థానంలో నిలిచింది. దాని గ్యాలరీలో మీరెంతమంది కూర్చున్నారు? 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన బాలయోగి స్టేడియంలోనే జరిగింది, బెంగాల్ కేరళను ఓడించింది. ఆంధ్ర, తెలంగాణ జట్లు ఆ టోర్నీ ఆడేటప్పుడు వెనక డప్పు మోగాలి. జిల్లా లీగులకు, అమ్మాయిల మ్యాచ్‌లకు, స్కూళ్ల పోటీలకు ఇరవై మంది వెళ్లి అరిచినా చాలు. పదహారేళ్ల కుర్రాడికి తన పేరు గ్యాలరీలో వినబడటం జన్మంతా గుర్తుంటుంది.

మన క్లబ్బు ఆరేళ్లలో ఎంతమంది తెలుగు కుర్రాళ్లను ఆడించిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దానికి క్లబ్బునొక్కదాన్నే అనడం న్యాయం కాదు. మన ఊళ్లలో మైదానాలు లేవు, బంతులు లేవు, శిక్షణ ఇచ్చేవాళ్లు లేరు. రహీం సాబ్ హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ లేకుండా పాసులతోనే ఆడాలన్న నియమంతో కుర్రాళ్లకు పోటీలు పెట్టేవాడు. దానికి పెద్ద ఖర్చు లేదు, బుర్ర ఉంటే చాలు. అలాంటి పోటీ ఒకటి మా గోదావరి జిల్లాల్లో పెట్టండి. పోలవరం నుంచి, కొవ్వూరు నుంచి, రాజమండ్రి నుంచి, అమలాపురం నుంచి జట్లు వస్తాయి. మైదానం చదును చెయ్యడం, పిల్లల్ని పోగెయ్యడం, భోజనాలు మేం చూసుకుంటాం. మీరు గోల్‌పోస్టులు, రిఫరీ, మీ డప్పులు తెచ్చుకోండి.

జట్టు యజమాని సొత్తు. అభిమానుల్ని మాత్రం ఏ యజమానీ లారీలో ఎక్కించుకుని తీసుకుపోలేడు. అది మీరు నిలబడి చూపించాలి. సభ్యత్వ పుస్తకం తెరిచిన రోజున పట్టిసీమ నుంచి మొదటి పేరు నాదే రాసుకోండి. ఇక్కడి పిల్లల పేర్లు నేను కూడబెట్టి పంపుతాను.

ఇట్లు
మీ శ్రేయోభిలాషి,
ఒక విశ్రాంత డ్రిల్లు మాస్టారు
పట్టిసీమ